మూడెకరాల మిరప, మాటల్లేని పది పాటలు

ఆ ఏడు మా మిరప ఎంత ఘాటుగా పండిందంటే, చేని మీదుగా ఎగిరే చిలకలు మా గట్టు దాకా వచ్చి, అక్కడ తుమ్మి, చుట్టు తిరిగి అడవిలోకి పోయేవి. నమ్మకపోతే మా ఆవిడను అడగండి. ఆవిడా నమ్మదు.

చిలకల సంగతి ఎట్లా ఉన్నా, చేను మాత్రం నిజం. జూలూరుపాడు పక్కన, అడవి అంచున మూడెకరాలు. ముందటి ఏడు కాయంతా ఎర్రబడి నిలబడ్డాక చెడగొట్టు వాన పడింది. చెట్టు మీది కాయ చెట్టు మీదే తెల్లబడి తాలైపోయింది, కల్లంలో ఆరబోసింది నల్లబడింది. దాన్ని పారతో ఎత్తి గట్టు అవతల పోస్తుంటే మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ రోజంతా మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్క రోజే. అందుకని ఈసారి నాకు ఒకటే పట్టుదల. వానకు ముందు కాయ ఇల్లు చేరాలి.

మిరప ఏరడం మనుషుల పని. ఒకే కొమ్మకు పండు కాయ, పచ్చి కాయ, పూత మూడూ ఉంటాయి. పండుకాయను తొడిమతో తుంచి మిగతావాటిని కదపకుండా వదిలెయ్యాలి. దానికి వేళ్లు తెలిసిన ఆడవాళ్లు కావాలి. సీజన్‌లో మణుగూరు దిక్కు అడవి పల్లెల నుంచి వాళ్లు ముఠాలుగా వచ్చి, మా ఊరి బడి వెనక ఖాళీ జాగాలో గుడిసెలు వేసుకుంటారు. ఏ రోజు ఎవరి చేలో దిగేదీ ముఠా పెద్ద ఆ పొద్దునే చాయ్ హోటల్ ముందు నిలబడి చెబుతుంది. నిన్న మన చేలో ఏరారు కాబట్టి ఇవాళా వస్తారన్న నమ్మకం లేదు. రైతులందరం ట్రాలీ ఆటోలు పెట్టుకుని, తలలు దువ్వుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు వరసగా కూర్చుంటాం. ఒకాయన రెండుసార్లు చాయ్ అంటాడు, ఇంకొకాయన కారప్పూస అంటాడు. వీటన్నిటి కన్నా ముఖ్యం పాటల డబ్బా. చేలో పాట లేకపోతే ముఠా దిగదు. అందులో రైతుకూ లాభమే, పాట ఎంత వేగంగా పోతే చేతులు అంత వేగంగా ఆడతాయి. అందుకే మా దిక్కు మిరప చేలల్లో పొద్దున ఏడింటికే పెళ్లి బరాత్ పాటలు దడదడలాడుతుంటాయి.

నాకు ఆ మోత పడదు. కొత్తగూడెంలో నాకు తెలిసిన ఫోన్ల కొట్టు భాయ్ ఒకాయన ఉన్నాడు. వాళ్ల తాత అదే కొట్టులో గడియారాలు బాగుచేశాడు, తండ్రి రేడియోలు బాగుచేశాడు, ఈయన ఫోన్లు బాగుచేస్తాడు. స్టూలు మాత్రం తాతదే. ఆయనకు మెమరీ కార్డు ఇచ్చి చెప్పాను.

“భాయ్, పదిహేను మంది ఆడోళ్లు పనిచేసే చేను. జర మంచివి ఎయ్యి. రొమాంటిక్, మెలోడీ.”

“ఫికర్ చేయకండి పటేల్ సాబ్,” అని ఆయన ఫోన్‌లో ఏదో కొట్టాడు. నేను చాయ్ తాగి వచ్చేలోపు కార్డు చేతిలో పెట్టాడు. నా మనసులో ఉన్నవి పాత సినిమాల యుగళగీతాలు. మా దగ్గర ఆ రెండు మాటలు కలిపి అంటే ఇంకో అర్థం లేదు. ఆయన మాత్రం నేనన్న రెండు మాటలనే అక్షరం పొల్లుపోకుండా ఫోన్‌కు చెప్పాడు. ఫోన్‌కు మా పాత సినిమాల సంగతి ఏం తెలుసు?

మర్నాడు ముఠా మా చేలో దిగింది. మంచె కొయ్యకు డబ్బా తగిలించి మీట నొక్కాను. వాన వెలిశాక చూరు నీళ్లు ఇత్తడి గంగాళంలో ఒక్కో చుక్కే పడుతున్నట్టు ఏదో మొదలైంది. చుక్క, ఆగి మళ్లీ చుక్క, తర్వాత రెండు కలిసి. కింద ఎక్కడో బరువైన అడుగులతో ఒకటి నడుస్తుంటే, పైన తేలికైనది ఒకటి దాని చుట్టూ తిరుగుతోంది. పాట ఎత్తుకునే ముందు వాయించే ముక్క అనుకుని అందరం ఆగాం. అయిదు నిమిషాలు గడిచాయి. అది అయిపోయి రెండోది మొదలైంది. అందులోనూ గొంతు లేదు. ఒట్టి పియానో. భాయ్ ఒక ఆల్బమ్ మొత్తం, పదికి పది, ఎక్కించేశాడు.

ముఠా పెద్ద సాలు మధ్యలో నడుము నిలిపింది. ఆమెకు అరవై ఉంటాయి. చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా, తలకు తువ్వాల. అందరికన్నా నెమ్మదిగా కదులుతుంది, అందరికన్నా ముందు సాలు ముగిస్తుంది.

“ఏంది పటేలా, పాటగానికి నోరు లేదా?”

కార్డు తప్పు పడిందమ్మా అంటే అయిపోయేది. కానీ నా నోరు నా కన్నా ఒక అడుగు ముందు నడుస్తుంది.

“అవ్ పెద్దమ్మా. మూగోడు.”

“పాపం,” అంది ఎవరో.

కాసేపటికి సాళ్ల వైపు చూశాను. చేతులు నెమ్మదించాయి. పదిహేను జతల చేతులు ఆ మూగవాడి వెంట నడుస్తున్నాయి. చుక్క పడ్డప్పుడు ఒక కాయ, ఆగి ఇంకో కాయ. మధ్యాహ్నానికి అవ్వాల్సిన సాళ్లలో సగం కూడా కాలేదు. డబ్బా కట్టేద్దామని మంచె దగ్గరికి నడిచాను.

“ఉండనీ పటేలా,” అంది పెద్దమ్మ తల ఎత్తకుండానే. “మూగోని నోరు గూడ మూస్తవా?”

అప్పటికే మా ఆవిడ ఏరిన కాయ కుప్ప దగ్గర వంగి ఒక దోసెడు తీసి చూస్తోంది. ప్రతి కాయకూ తొడిమ ఉంది. ఆకు లేదు, పచ్చి కాయ లేదు, విరిగింది లేదు. “గిట్ల ఏరిన కాయ నేను మా అమ్మగారింట్ల గూడ సూడలే,” అంది. వాళ్ల అమ్మగారింట్లో లేనిది మా ఇంట్లో ఉందని ఆవిడ ఒప్పుకోవడం అదే మొదటిసారి.

కానీ ఆ లెక్కన చేను ముగియాలంటే ఇంకా పది రోజులు పడుతుంది. వాన ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? రెండో రోజు తెలివిగా బరాత్ పాటలు పెట్టాను. పెద్దమ్మ సాల్లోకి దిగలేదు. గట్టు మీద నిలబడి అడిగింది.

“మూగోడు ఏడి?”

“ఇయ్యాల రాలే పెద్దమ్మా.”

“అయితె మేమెందుకొచ్చినం?”

కార్డు మార్చాను. ఆమె దిగింది. అప్పుడు నాకు తట్టింది. వేగం రానప్పుడు, కనీసం పది రోజులూ వీళ్లు వేరే చేనుకు పోకుండా చూసుకోవాలి. అన్నాళ్లు ఆపే ఎర ఏముంది? పాటలు పది ఉన్నాయి. పదింటిలోనూ మాటలు లేవు. మాటలు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం సద్ది మూటలు విప్పినప్పుడు మొదటి పాట పెట్టి మొదలుపెట్టాను. ఈ మూగవాడిది మంచు కురిసే దేశం. ఇంటి ముందు ఒక నది. నదికి అవతలి ఒడ్డున ఒక పిల్ల ఉంది. ఇతనికి పిలవడానికి నోరు లేదు కాబట్టి ఈ ఒడ్డున కూర్చుని పియానో వాయిస్తాడు. విన్నట్టు గుర్తుగా ఆ పిల్ల తీగ మీద ఎర్ర గుడ్డ ఆరేస్తుంది. అక్కడ ఆపేశాను. రెండో పాట కథ రేపు అన్నాను.

మర్నాడు చాయ్ హోటల్ దగ్గర పెద్దమ్మ ఎవరి వైపూ చూడకుండా వచ్చి మా ఆటో ఎక్కింది.

రోజుకొక పాట, పాటకొక కథ. చలికి పియానో తీగలు బిగుసుకుపోతే అడుగున కుంపటి పెట్టి వాయించేవాడని చెప్పాను.

“మంచు దేశంల బొగ్గెక్కడిది?” అని ఒకామె అడిగింది. వాళ్ల ఆయన గనిలో పనికి పోతాడు.

“ఎక్కడిదేంది? మీ మణుగూరుదే. ఓడ మీద పోయింది.”

ఆ పూట వాళ్లు ఇంకో రెండు సాళ్లు ఎక్కువ ఏరారు.

మూడో రోజు పియానో ఎట్లా ఉంటుందని అడిగితే ఫోన్‌లో బొమ్మ చూపించాను. పెద్దమ్మ ఫోన్‌ను దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

“మూడే కాళ్లున్నయేంది దీనికి?”

“నాలుగోది పిల్లకు గుర్తుగా ఇచ్చిండు.”

“ఉంగరం లేక కాలిచ్చిండా!” అని ఆడవాళ్లు పడిపడి నవ్వారు. నవ్వుతూనే తిన్నారు, నవ్వుతూనే సాళ్లలోకి దిగారు. నేను సాయంత్రం దాకా నా మీద నేనే ముచ్చటపడుతూ తిరిగాను.

ఇంతలో మా పక్క చేను ఆయన గట్టు మీదికి వచ్చాడు. వాళ్ల తాతల నాడు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్నారు. మాట ఇంకా అటువైపుదే. చుట్టరికం లేకపోయినా నన్ను బావగారూ అంటాడు.

“బావగారూ, నేను బిర్యానీ పెడతానన్నా మీ ముఠా రావట్లేదండీ. మీరు వాళ్లకి ఏం పెడుతున్నారు అసలు?”

“కథ పెడుతున్నా.”

“దేంతో నంజుకుంటున్నారు?”

“సంగీతంతో.”

ఆయన డబ్బా వైపు చెవి పెట్టి కాసేపు విని, “ఇదేంటండీ, నిద్ర వచ్చేలా ఉంది,” అన్నాడు. కానీ వెళ్లలేదు. ఆ పాట అయ్యేదాకా గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ పాటలు పట్టుకున్నాయి. ఆరో దానిలో రెండు చేతులూ ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు ఉండేది. ఏడో దానిలో ఎడమ చెయ్యి ఒక్కటే కింద నడుస్తూ ఉంటుంది, కుడి చెయ్యి ఎంతకీ రాదు. ఇక రాదేమో అనుకున్నాక, చివర్లో ఒక్క వేలితో వచ్చి ఒక్క చుక్క వేసి పోతుంది. ఆ ఏడో పాటే నన్ను చెడగొట్టింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆ పాట పెట్టి చెప్పాను. నది గడ్డకట్టింది. పిల్ల ఎర్ర గుడ్డ భుజాన వేసుకుని మంచు మీద నడుస్తూ ఈ ఒడ్డుకు బయలుదేరింది. సగం దూరం వచ్చాక మంచు పగిలింది. అతను ఒడ్డున నిలబడి అరవబోయాడు. నోరు లేదు.

నేను ఆగాను. పాట కూడా సరిగ్గా అక్కడే ఆగింది. ఒక్కరు ముద్ద ఎత్తలేదు. గిన్నెల్లో చేతులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అది చూసి నాకు లోపల ఎంత సంబరమైందో చెప్పలేను. ఊరికే పోసుకోలు కబుర్లు చెబుతాడని పేరు పడ్డవాణ్ణి, పదిహేను మంది చేతిలో ముద్దను ఆపగలిగాను.

“పిల్ల పోయిందా?” అని అడిగింది పెద్దమ్మ.

“పోయింది.”

ఆమె సద్ది మూట కట్టేసింది. సాయంత్రం దాకా ఏరింది. మా ఆవిడ ఖాళీ సంచులు మడతపెడుతూ, “నువ్వేం మనిషివయ్యా,” అంది. మెచ్చుకుంటోందనుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున పెద్దమ్మ చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి, పక్క చేను ఆయన ఆటో వైపు నడిచింది. వెనక ముఠా అంతా నడిచింది.

“పెద్దమ్మా, మన ఆటో ఇటుంది!”

“ఇయ్యాల అటు పోతం పటేలా.”

“ఇంకా మూడు పాటలున్నయి గదా?”

“ఉండనీ.”

ఖాళీ ఆటోతో చేనుకు వచ్చాను. ఇంకా ఎకరం దాకా మిగిలి ఉంది, అంతా ఎర్రగా, ముట్టుకుంటే చేతిలో పడేలా. పడమటి ఆకాశంలో ఏకిన దూదిలాంటి మబ్బు పలచగా పరుచుకుంటోంది. నిరుడు కూడా మొదట అట్లాగే వచ్చింది. మా ఆవిడ దాన్ని ఒకసారి చూసింది. కొంగు నడుముకు చుట్టి, డబ్బా మీట తనే నొక్కి, ఒక్కతే ఒక సాల్లోకి దిగింది. నన్ను తిట్టలేదు. ఎకరం చేలో ఒక్క మనిషి వంగి కాయ కోస్తుంటే వెనక ఆ పియానో మోగుతుంటే గట్టున నిలబడలేకపోయాను.

మధ్యాహ్నం సద్ది వేళకు పక్క చేనుకు పోయాను. అక్కడ నిజంగానే బిర్యానీ వడ్డిస్తున్నారు. బరాత్ పాటలు దడదడలాడుతున్నాయి. పక్క చేను ఆయన నన్ను చూసి మోత తగ్గించాడు.

“రండి బావగారూ, ఒక ముద్ద తినండి.”

నేను తినలేదు. పెద్దమ్మ ముందు గట్టు మీద కూర్చున్నాను.

“పెద్దమ్మా, ఆ పిల్ల చావలే. మంచు పగిలింది గానీ, పియానో నాలుగో కాలు ఉంది గదా, దాన్ని పట్టుకొని తేలి...”

“ఆగు పటేలా. నిన్న పోయిందన్నవ్. ఇయ్యాల తేలిందంటవ్. మబ్బు సూసి తేల్చినవా?”

ఆడవాళ్లు నవ్వలేదు. ఇక దాచడానికి ఏమీ లేదనిపించింది. నా జన్మలో అరుదుగా చేసే పని చేశాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూగవాడు లేడు, పిల్ల లేదు, నది లేదు. కొట్టు భాయ్ తప్పు పాటలు ఎక్కించాడు. వాయించింది ఎవరో, ఏ దేశమో, ఆడమనిషో మగమనిషో కూడా నాకు తెలియదు. నిరుడు పంట పోయింది, ఈసారి పోకూడదని మిమ్మల్ని పట్టి ఉంచడానికి అల్లాను. చెప్పేసి తల వంచుకున్నాను.

పెద్దమ్మ బిర్యానీ ముద్ద నిదానంగా నమిలింది.

“అబద్ధమని మాకు మొదటి దినమే ఎరుకే,” అంది.

నేను తల ఎత్తాను.

“మూడు కాళ్ల పెట్టె ఒడ్డున నిలుస్తదా? మణుగూరు బొగ్గు మంచు దేశం పోతదా? మేం పిల్లలమా? గది కాదు పటేలా. నిజంగ పోయిందనుకో, అది నీ చేతుల లేదు, నిన్నేమంటం? ఇది నువ్వు చెప్పే అబద్ధం. నీ చేతులనే ఉండె. బతికించుడు నీకెంత పని? ఎందుకు చంపినవ్?”

మీ చేతిలో ముద్ద ఆగిపోవడం చూడాలని చంపానని ఏ నోటితో చెప్పను?

ఆమె చెయ్యి కడుక్కుంది. లేచి, పక్క చేను ఆయన సాల్లో ఒక కొమ్మ వంచి చూసింది.

“నీ కాయ సగం పచ్చిగనే ఉన్నది సారూ. ఇంకో నాలుగు దినాలు ఎండ తాగనీ. వాన పడ్డా దీనికేం గాదు.” తర్వాత నా వైపు తిరిగింది. “రేపు వస్తం. కథ నువ్వు చెప్పొద్దు. మిగిలిన మూడు పాటలు మావి.”

“మరి నా బిర్యానీ?” అన్నాడు పక్క చేను ఆయన.

“మంచిగుంది. నాలుగు దినాలైనంక మళ్ల పెట్టు.”

ఆ తర్వాతి మూడు రోజులు నా పని చాయ్ కెటిల్ మొయ్యడం. పదో రోజు పొద్దున ఎనిమిదో పాట మొదలైంది. మొదట పెద్దమ్మ ఒక్కతే పెదవులు మూసుకుని దాని వెంట కూనిరాగం తీసింది. ఇంకో సాల్లో ఇంకొకామె అందుకుంది. పాట తిరిగి మొదటికి వచ్చేసరికి దానికి మాటలు వచ్చాయి. వాళ్ల మాటలు, కోయ మాటలు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఒకామె అడిగినట్టు పాడేది, అవతలి సాళ్ల నుంచి నలుగురు జవాబు ఇచ్చినట్టు పాడేవారు. పియానోలో కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఉన్నట్టే అనిపించింది. చేతులు ఆగలేదు. వేగంగానూ లేవు, నెమ్మదిగానూ లేవు. ఒక చోట అందరూ ఒక్కసారి నవ్వారు. ఒక చోట ఒకామె చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది. మిరప చేలో కళ్లు తుడుచుకోవడం చూసి కథ ఎటు పోతోందో ఏం తేల్చగలం?

మా ఆవిడ వాళ్ల మధ్య ఒక సాలు పట్టింది. తనకూ ఆ మాటలు రావు. అయినా రెండో రోజుకు వాళ్లతో కలిసి నవ్వడం మొదలుపెట్టింది. నేను కెటిల్ పట్టుకుని దగ్గరికి పోతే పాట ఆపేవాళ్లు. “చాయ్ ఆడ పెట్టి పో పటేలా,” అనేది పెద్దమ్మ.

పదో పాట చిన్నది. ఎండలో పిట్టలు నీళ్లలో మునకలేస్తున్నట్టు గలగల పోతుంది. ఆఖరి రోజు దానితో పాటు చేతులూ పరుగెత్తాయి. పొద్దు ఇంకా ఉండగానే ఆఖరి సంచి నిండింది. మొదట్లో ఏరిన కాయ అప్పటికే ఎండి ఇంట్లోకి చేరింది. మిగిలినదాన్ని కల్లంలో కుప్పపోసి, రెండు వరసల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెట్టాం. ముఠా అంతా పట్టింది. పక్క చేను ఆయన కూడా వచ్చి ఒక మూల పట్టుకున్నాడు.

వాన మర్నాడు పడింది. రెండు రోజులు పడి పోయింది. మూడో రోజు ఎండ రాగానే మేమిద్దరం టార్పాలిన్ ఎత్తాం. కాయ ఎర్రగా, తొడిమలతో, పెట్టింది పెట్టినట్టే ఉంది. మా ఆవిడ ఒక కాయ విరిచి వాసన చూసి తుమ్మింది. చిలకల సంగతి అప్పుడైనా ఒప్పుకుంటుందేమో అనుకున్నాను, ఒప్పుకోలేదు.

సీజన్ అయిపోయి ముఠా గుడిసెలు విప్పుకుంటున్న రోజు బడి వెనక్కి పోయాను. చీర, రవిక గుడ్డ తీసుకుపోయాను గానీ, అసలు పోయింది వేరే పనికి.

“పెద్దమ్మా, ఇప్పుడన్న చెప్పు. పిల్ల బతికిందా?”

“బతికింది. మూగోడే చచ్చిండు.”

ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

“కాదు పటేలా,” అంది గనిలో పనిచేసే ఆయన భార్య. “ఇద్దరు మణుగూరొచ్చిన్రు. బొగ్గు ఆడ్నుంచే పోతదన్నవ్ గదా, సూసిపోదామని.”

“ఆ నాలుగో కాలుతోని రోకలి జేసుకున్నరు,” అంది ఇంకొకామె.

“ఇండ్ల నిజం ఏది?” అన్నాను.

“నీకు ఏది కావాల్నో గది,” అంది పెద్దమ్మ, మూట నెత్తికెత్తుకుంటూ.

నేను యాభై ఏళ్లుగా మనుషుల ముఖాలు చూస్తూ అబద్ధాలు చెబుతున్నవాణ్ణి. ఎదుటివాళ్లు చెప్పేది అబద్ధమైతే ఇట్టే పట్టేస్తాను. ఆ మూడూ అబద్ధాలే. నాలుగోది, అసలుది, వాళ్ల కోయ మాటల్లో ఉంది.

ఆ కార్డు ఇప్పుడు మా ఆవిడ దగ్గర ఉంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక కుట్టుమిషన్ ముందు కూర్చుని పెట్టుకుంటుంది. ఏడో పాట రాగానే మీట నొక్కి ఎనిమిదోదానికి దాటిస్తుంది. ఎనిమిదో పాట మధ్యలో, నాకు ఎట్లాంటి తేడా వినిపించని ఒక చోట, మిషన్ ఆపి తనలో తను నవ్వుకుంటుంది.

“ఏందే? ఏమైంది ఆడ?” అని అడుగుతాను.

“నాకు సాల్ల తెలుగుల చెప్పిన్రు. నీకు చెప్పొద్దన్నరు,” అంటుంది. “చెప్తే నువ్వు పోయి ఎవలకో చెప్తవ్. చెప్పుకుంట చెప్పుకుంట ఆ పిల్లను మళ్ల నీళ్లల్లకు తోస్తవ్.”

మిషన్ మళ్లీ తిరుగుతుంది. నేను వసారాలో కూర్చుని, ఆ చోటు మళ్లీ ఎప్పుడొస్తుందా అని చెవి అటే పెట్టి వింటుంటాను.